షుగర్ చూడండి

"బోర్డు మీద ఉడకబెట్టిన సెనగలని రాశారు కదండీ, ఒక ప్లేటు ఇవ్వండి," అంది ఆ పెద్దావిడ.

కౌంటర్లో ఉన్న సుబ్బాయమ్మ వెనక్కి తిరిగి మేనేజరు ప్రసన్నకుమార్ వంక చూసింది.

"అవి లేవండి," అన్నాడతను.

"పోనీ, పంచదార వెయ్యని నిమ్మకాయ నీళ్ళు?"

"అవీ లేవండి. అది బోర్డు వరకేనండి."

పిల్లలు వచ్చే చోట నూనె, తీపి తక్కువున్న తిండి కూడా అమ్మాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ఉన్న ఆ వాటర్ పార్కు వాళ్ళు పదార్థాల పేర్లన్నీ అందంగా రాయించి గోడకి తగిలించారు. అధికారులు వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళారు. ఆ తర్వాత ఆ బోర్డు చదివి అడిగిన మనిషి ఈవిడొక్కతే.

"బోర్డుని కొరుక్కు తినలేం కదా బాబూ."

సుబ్బాయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ప్రసన్నకుమార్‌కి ఆవిడ మాట కన్నా ఆ నవ్వు గుచ్చుకుంది.

ఆవిడ పేరు తబిత అనీ, టీచరుగా చేసి రిటైరయ్యిందనీ గేటు దగ్గరుండే గంగయ్య చెప్పాడు. ఆదివారం చర్చి అయ్యాక తమ్ముడి మనవల్ని తీసుకొస్తుంది. వాళ్ళు నీళ్ళలో ఆడుతుంటే, తను ఫుడ్ కోర్టులో ఒక మూల కూర్చుని వచ్చే పోయే పిల్లల్నీ, వాళ్ళ చేతుల్లో గ్లాసుల్నీ చూస్తూ ఉంటుంది. "ఇంత తీపి దేనికండీ వీటిలో?" అని వారం వారం ఒకటే నస.

వేసవి సెలవులు. భార్య బట్టల షాపులో పనికి వెళ్తుంది గనక, కూతురు రమ్యశ్రీని ప్రసన్నకుమార్ తనతోపాటే పార్కుకి తెచ్చుకునేవాడు. పిల్లకి ఒకటే దాహం. ఎర్ర షర్బత్ గ్లాసు మీద గ్లాసు తాగేది. బాత్రూముకి పరిగెత్తేది. వచ్చి మళ్ళీ తాగేది. గౌను భుజాల మీంచి జారిపోతోంది.

ఎండలకి చిక్కిందనుకున్నాడు. ఇంకోలా అనుకోవడానికి ధైర్యం కావాలి.

ఆ ఆదివారం రద్దీలో సుబ్బాయమ్మ అతని దగ్గరికి వచ్చింది.

"ఆ టీచరుగారండి... మన పాపని చూపించి, షుగర్ చూడమని వాళ్ళ నాన్నతో చెప్పమంటన్నారండి."

ప్రసన్నకుమార్ కౌంటరు మీదున్న పంచదార డబ్బా వంక చూశాడు.

"నా కూతురు తాగేదానికి కూడా ఈవిడే కొలతలు చెప్తుందా? ఏదీ, పాప గ్లాసులో ఇంకో చెంచా వెయ్యి."

"ఇప్పటికే తీపెక్కువండి."

"వెయ్యమన్నానా? ఆవిడకి కనపడేలా వెయ్యి."

సుబ్బాయమ్మ వేసింది. పాప గటగటా తాగేసింది.

మూలనుంచి తబిత లేచి, తొందరగా నడుచుకుంటూ వచ్చింది.

"బాబూ, నేనన్నది..."

"మీరన్నది వినపడిందండి. మీకు మా తిండి నచ్చదు, మా షర్బతులు నచ్చవు. రేపటినుంచి వేరే పార్కు చూసుకోండి. గంగయ్యా, టీచరుగారిని గేటు దాకా దిగబెట్టు."

"నన్నేమన్నా అనుకోండి. పాపకి షుగర్ మాత్రం చూడండి."

"ఆయ్, చూస్తానండి. డబ్బా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అంతలో అలల కొలనులో అలలు వదిలే ముందు కొట్టే సైరన్ మోగింది. ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఆ గోలలో పెదవులు కదలడం మాత్రమే కనిపించింది. ఓడించానన్న తృప్తితో అతను తల తిప్పుకున్నాడు.

రెండు రోజుల తర్వాత రమ్యశ్రీ పొద్దున్నే వాంతులు చేసుకుంది. ఊపిరి బరువుగా తీస్తోంది. పిలిస్తే పలకలేదు.

రాజమండ్రిలో ఆసుపత్రికి తీసుకెళ్తే నర్సు కృపారాణి పాప వేలు గుచ్చి, ఒక రక్తపు చుక్క తీసి చిన్న మిషన్‌కి అంటించింది. అంకె చూసి తల ఎత్తింది.

"పాపకి ఎప్పుడన్నా షుగర్ చూశారా అండీ?"

 ప్రసన్నకుమార్‌కి ఆదివారం రెండుసార్లు చెవిన పడిన మాటే. ఇప్పుడు వినపడింది.

మర్నాటికి పాప కళ్ళు తెరిచింది.

"గండం గడిచింది," అన్నాడు డాక్టరు. "ఇది తీపి తినడం వల్ల వచ్చిన జబ్బు కాదు. కొందరు పిల్లలకి వస్తుందంతే. కాకపోతే ఆ దాహానికి షర్బతులు పోస్తూ వచ్చారు కదా, ఇంత దాకా వచ్చింది. ఇక రోజూ ఇన్సులిన్ ఇంజెక్షన్ చెయ్యాలి."

"ఎన్నాళ్ళండి?"

"ఎప్పటికీ."

డాక్టరు వెళ్ళిపోయాక, అతను వరండాలో కృపారాణిని ఆపాడు. 

"ఇలాంటి పిల్లలు... పెద్దవాళ్ళవుతారా సిస్టర్?"

"ఆ మాట చెప్పడానికి మాకొకరుండేవారండి. కొత్తగా బయటపడిన పిల్లలున్నారని కబురు పెడితే చాలు, వచ్చి తల్లిదండ్రుల పక్కన కూర్చునేవారు. తమ్ముడి కొడుక్కి బదిలీ అయితే నిన్ననే వాళ్ళతోపాటు ఆవిడ కూడా వైజాగ్ వెళ్ళిపోయారు. ఇక్కడే ఉంటే మీ పాపకోసం ఈపాటికి వచ్చేసేవారు."

"ఎవరండి ఆవిడ?"

"తబిత టీచరుగారని."

అతనికి ఫుడ్ కోర్టులో ఆవిడ కూర్చునే మూల గుర్తొచ్చింది. పెద్ద చదువేదో చదివి ఉంటుందని, అందుకే దూరం నుంచే కనిపెట్టగలిగిందని అనిపించింది.

"టీచరుగారు డాక్టరీ కూడా చదివారా అండి?"

"అబ్బే, లేదండి," అంది కృపారాణి, "మీ పాపంత వయసులో ఇదే జబ్బుతో, ఇలాగే స్పృహ లేకుండా ఆసుపత్రికొచ్చిన పిల్లండి; మొన్ననే మా వార్డులో డెబ్బయ్యో పుట్టినరోజు చేసుకున్నారు."