తిరుమల కోరుకున్న కాలేజి

హైదరాబాదుల పెద్ద కాలేజీల బయోమెడికల్ ఇంజినీరింగ్ సీటొస్తుంటే, నా బిడ్డ తిరుమల కరీంనగర్‌ల ఎవరికీ తెల్వని కాలేజే కావాలని మొండికేసింది. ఆడ ఎవడో పోరడున్నడని నా అనుమానం. కాలేజి చూసొస్తనని బిడ్డ బయలెల్లితే సిరిసిల్ల నుంచి నేనూ వెంట వోయిన.

గేటుకాడ, "బాపూ, నువ్వు గీడనే కూసో. నేను పోయొస్త" అన్నది. నా అనుమానం గట్టివడ్డది. పిల్లిలెక్క ఎనుకనే పోయిన.

ల్యాబుల పోరడు లేడు. నెత్తి నెరిసిన సారు, ఒక చిన్న సాంచ! మా పవర్‌లూమ్ అసొంటిదే. వేలంత సన్నటి గుడ్డగొట్టం నేస్తున్నది. రక్తనాళం కరాబైతే దాని జాగల గిదే కుడుతరట. గంతల్నే సాంచ మీద పోగు తెగింది. జిందగీ అంత సాంచలు నడిపిన చెయ్యి ఊకుంటదా? ఉరికిపోయి పోగుకు ముడేసిన.

"అయ్యో పెద్దాయనా! ముడికాడ రక్తం గడ్డకడ్తది. ఇగ గిది పనికిరాదు" అని సారు నెత్తి వట్టుకున్నడు.

తిరుమల పకపక నవ్వింది. "గందుకే నిన్ను బయట ఉండుమన్న బాపూ! సార్, ఈయన మా బాపు. ముడి లేకుండ నేసుడు ఈయనకు రాదు. గది నేర్పే సాంచ హైదరాబాదుల లేదు, ఈడనే ఉన్నది. గందుకే ఈ కాలేజి కోరుకున్న."

సాంచ మొకం చూడొద్దనే బిడ్డను సదివిచ్చిన. సదివి సదివి సాంచ కాడికే వచ్చింది నా తల్లి. సంబురం ఆగక సారు ముందట్నే ఏడ్సిన.