బాబిన్‌లో మిగిలిన దారం

చనిపోయిన కుట్టుపనామె ఇంట్లో కొన్న పాత మిషన్‌కి బసీలియా మూడు రోజులు కష్టపడి ప్రాణం పోసింది. ఎలా నడుస్తుందో చూద్దామని, బాబిన్‌లో మిగిలిన నల్లదారంతోనే కూతురి గౌనుకి అంచు కుట్టి, దారాన్ని పళ్లతో తెంపింది. పిల్ల ఆ గౌనుతోనే పడుకుంది.

రాత్రి పక్కింటి ముసలి తోమసా కోకా ఆకు నములుతూ వచ్చింది.

"ఆ చచ్చిపోయినావిడ కుట్టినవన్నీ శవాల బట్టలే పిల్లా. మిషన్‌లో మిగిలిన ఆ దారం మాత్రం బతికినోళ్ల ఒంటిమీద పడనీకు. పారేశావా?"

"ఎప్పుడో పారేశా అవ్వా," అంది బసీలియా.

ముసలామె వెళ్లగానే బసీలియా దీపం ముందు కూర్చుని, పారేద్దామని బాబిన్‌లోంచి దారం లాగసాగింది. బాబిన్ చూస్తే గోరంత. ఒడి నిండినా దారం అయిపోవడం లేదు. పొటోసి ఊరంతా సద్దుమణిగింది. బాబిన్ తిరిగే చప్పుడొక్కటే వినబడుతోంది. ఆమె ఇంకా గట్టిగా లాగింది.

పక్కగదిలో పిల్ల నిద్రలోనే గొణిగింది.

"అమ్మా, నా గౌను లాగకే. చలేస్తోంది."