నల్లబడ్డ బిళ్ళ

“మా వదినని మంచాన పడేసింది మీరే,” అంది డ్రమ్ములు కడిగే అక్క. రోజూ పొద్దున్నే చీపురుతో వచ్చే గదిలోకి ఇవాళ ఉత్త చేతులతో వచ్చింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

బిళ్ళల సారు వినిపించుకోలేదు. ఆయన అసలు హోదా భద్రతాధికారి. పనివాళ్ళు కాలరుకు తగిలించుకునే బిళ్ళలు వారం మొదట్లో పంచి, వారం చివర వెనక్కి తీసుకుంటాడు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. డ్రమ్ముల్లోంచి లేచే విషపు మందు ఆవిరి గాలిలో ఎంతుంటే బిళ్ళ అంత నల్లబడుతుంది. బల్ల మీద నలభై బిళ్ళలున్నాయి. ముప్పై తొమ్మిది మల్లెపూలు. ఒక్కటి బొగ్గు.

“నీ నంబరే. డ్రమ్ములో ముంచావు కదూ?”

“ముంచలేదు.”

“ముంచే ఉంటుంది సార్,” అన్నాడు పక్కన నిలబడ్డ మేస్త్రీ. “పోయినసారీ ఇదే వేషం. ఈసారైతే బిళ్ళ పారేసుకున్నానని చెప్పి నా డబ్బాలో వెయ్యనేలేదు.”

“విన్నారుగా సార్,” అంది అక్క. “షిఫ్టు మొదలవగానే అందరివీ పీకి మూత డబ్బాలో వేస్తాడు. బిళ్ళలు అందులో హాయిగా పడుకుంటాయి. షెడ్డులో దగ్గేది మేము.”

మేస్త్రీ నాలుక కరుచుకుని గోడ వంక చూశాడు. గోడ అవతలి షెడ్డులో డ్రమ్ములు దొర్లుతున్నాయి.

సారు కణతలు నొక్కుకుంటూ ఒక కాగితం ముందుకు తోశాడు. “మీ అందరితో తలనొప్పి నాకు. మాత్ర పడందే మధ్యాహ్నం గడవట్లేదు. ఇందులో, బిళ్ళ కావాలనే పాడుచేశానని రాసి ఉంది. సంతకం పెట్టు, నీ బిళ్ళ చెల్లదని కొట్టేస్తాను. పెట్టకపోతే రేపు గేటు దాటనివ్వరు.”

అక్క కాగితాన్ని కూడబలుక్కుంటూ కింద దాకా చదివింది. సంతకం పెడితే తన పని నిలుస్తుంది, షెడ్డూ నడుస్తుంది. వదిన కళ్ళు తిరిగి కూలబడ్డ చోట నిన్నటి నుంచి తన సొంత చెల్లెలు నిలబడి ఉంది.

“పెట్టను. షెడ్డు ఇవాళే మూయండి. గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టి, బిళ్ళలు మా ఒంటి మీదే ఉంచి కొలిచి, అప్పుడు తెరవండి.”

“ఆజ్ఞలు కూడానా?” సారు నవ్వాడు. “పెద్దాఫీసుకి రాస్తాను, అక్కడే చెప్పుకో. షెడ్డులో పెట్టుకుంటే ఇంత నల్లబడిందంటే ఎవడు నమ్ముతాడు?”

“షెడ్డులోకి తీసుకెళ్ళానని నేనెప్పుడన్నాను?”

మేస్త్రీ పళ్ళికిలించాడు. “దొరికిపోయింది సార్. షెడ్డులో లేదట.”

సారు కలం తీసి కాగితం వెనక్కి తిప్పాడు. “ఇప్పుడొచ్చావు దారికి. రాసుకుంటాను, చెప్పు. వారమంతా ఎక్కడుంచావు?”

“మీ కుర్చీ కింద సార్, ముందు లేచి బయటికి నడవండి.”