కొండ మీద కాపలా

“ఏయ్, ఆ రాయి దిగు!”

కోట గోడ మీద నిలబడి ఫోటో దిగుతున్న కుర్రాడు ఉలిక్కిపడి కిందికి దూకాడు. రోశమ్మ చేతికర్ర ఊపుకుంటూ వచ్చి, అతను తొక్కిన రాయిని కొంగుతో తుడిచింది.

మిరప చేల మధ్య లేచిన ఆ కొండ మీద రెడ్డిరాజుల నాటి కోట ఉంది. గోడలు సగం కూలాయి. రెండు వేల నాలుగులో ప్రభుత్వం మెట్లు కట్టించి, ఉయ్యాలలు వేసి పార్కు చేసింది. అప్పట్నుంచీ ఆదివారం వస్తే చాలు, గుంటూరు నుంచీ ఒంగోలు నుంచీ జనం. పులిహోర పొట్లాలు, షటిల్ బ్యాట్లు, అంత్యాక్షరి.

వాళ్ళతో పాటే కొండ కింది ఊళ్ళో ఉండే రోశమ్మా ఎక్కేది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు కోడళ్ళకు అప్పజెప్పి మరీ వచ్చేది. రాళ్ళ మీద పేర్లు చెక్కనిచ్చేది కాదు. పొయ్యి పెట్టుకుందామని ఎవరైనా మూడు రాళ్ళు పోగేస్తే కర్ర ఎత్తేది.

“నీ అబ్బ సొమ్మా ముసలమ్మా?” అన్నాడొకడు.

“అవున్రా, నా సొమ్మే! ఎక్కడ తీశావో అక్కడే పెట్టు!”

ఒకసారి ఎవరో ట్రాక్టరు తెచ్చి, కొండ మొదట్లో పడివున్న గుమ్మం రాళ్ళు ఎక్కించుకున్నారు. రోశమ్మ వెళ్ళి టైరు ముందు అడ్డంగా పడుకుంది. రాళ్ళు దించేదాకా లేవలేదు.

ఆ సంగతి విని పురావస్తు శాఖ అధికారి అన్వర్ గారు జీపేసుకుని వచ్చారు. పార్కులోనే సభ పెట్టించి, ఆమెకు శాలువా కప్పారు.

“చరిత్ర విలువ తెలిసిన తల్లి! ఊరికొకరు ఇలా ఉంటే ఇక మా శాఖతో పనేముంది?” అన్నారాయన మైకులో.

చప్పట్లు మోగాయి. రోశమ్మ కళ్ళొత్తుకుంది.

“అమ్మా, మీ ఇంటి ముందు ఒక్క ఫోటో తీసుకుంటాం. పేపర్లో వేయిస్తాను.”

“ఇంటికెందుకయ్యా? వద్దొద్దు. ఎన్ని కావాలంటే అన్ని ఇక్కడే తీసుకోండి.” రోశమ్మ కంగారుపడింది.

“చూశారా, ఎంత నిరాడంబరమో!” అన్నారు అన్వర్ గారు పక్కవాళ్ళతో.

జీపు కదిలింది. అది రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా చూసి, రోశమ్మ కొండ దిగింది.

ఇంటికొచ్చి, శాలువా మడిచి, కోట రాళ్ళతో కట్టుకున్న వంటింటి గూట్లో దాచి, మొగుణ్ణి కేకేసింది: “ఏవయ్యో, మన పడగ్గదికి చాలినన్ని రాళ్ళు ఇంకా అక్కడే భద్రంగా ఉన్నాయి!”