పాత పొగకి కొత్త జైలు

రండి రండి, కబుర్లు కట్టిపెట్టి ఇలా దగ్గరికి చేరండి! పసిబిడ్డలకు సాంబ్రాణి పొగ వేస్తే జైలని ఒకరోజు ఉదయం చట్టం వచ్చింది. ఊరి మీద ఎగిరే కెమెరాలు ఎప్పటినుంచో దాచిన బొమ్మలన్నీ తిరగేసి, మధ్యాహ్నానికల్లా కానిస్టేబుల్ వీర్రాజు వచ్చేశాడు, బాలింతల ఇళ్లలో బిడ్డలకు నీళ్లు పోసే సూరమ్మను పట్టుకుపోవడానికి.

సూరమ్మకు ఒళ్లు మండిపోయింది. “ఒరే, నేను పొగేసిన్నాడు మీ చట్టం పుట్టిందా? అప్పుడు తప్పు కానిది ఇప్పుడెట్టా తప్పయిందిరా? నీకు నీళ్లోసి పొగేసింది కూడా నేనే!”

“అదే మొదటి కేసు పెద్దమ్మా, నడు,” అన్నాడతను తల దించుకుని.

కాగులో నీళ్లు అతని బూట్ల మీద గుమ్మరించింది సూరమ్మ. “దీనికీ రేపు చట్టం చేస్తారుగా, రాసుకో!” అని జీపెక్కింది.

పిట్టగోడ మీంచి చూస్తున్న పక్కింటి అప్పలకొండ పెళ్లాన్ని అడిగాడు: “ఏమే, నేను మాయమ్మ కడుపులో తెగ తన్నేవాణ్ణంట. ఇప్పుడే పోయి లొంగిపోతే శిక్ష తగ్గిస్తారంటావా?”