అత్తగారి పుట్టగొడుగుల చోటు

"ఒట్టేస్తేనే వెంట తీసుకెళ్తాను, అల్లుడుగారూ," అంది ద్రహోమిర, బుట్ట చేతికి తగిలించుకుంటూ.

ఒటకార్ వెంటనే ఒట్టేశాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా అత్తగారు అడవిలో తను పుట్టగొడుగులు ఏరుకునే చోటు చూపించలేదు. చెక్ దేశంలో, ఈ బొహీమియా పల్లెల్లో పిల్లనిస్తారు, పొలమిస్తారు, ఆ చోటు మాత్రం చెప్పరు. ఆఖరి ఘడియలోనైనా చెబుతారేమోనని మంచం చుట్టూ చేరి, నిరాశగా లేచిపోయిన వారసులు ఈ ఊళ్లోనే ఉన్నారు.

"పుస్తకంలోకి ఎక్కించారంటే మాత్రం మా గడప తొక్కొద్దు."

"అయ్యో, నేనా అత్తయ్యా?"

ఒటకార్ యాత్రికుల కోసం దేశాన్ని పరిచయం చేసే ఒక పుస్తకానికి ముందుమాట రాస్తున్నాడు. ప్రాగ్ వంతెనలు రాశాడు. క్రుమ్లోవ్ కోటను చుట్టి వచ్చే నది రాశాడు. మొరావియా ద్రాక్షతోటల గురించి మరీ తీపిగా రాశాడు. ప్రచురణకర్త చదివి పెదవి విరిచాడు. "ఇవన్నీ పోస్టుకార్డుల మీద ఉన్నవే కదండీ. ఎవరూ చూడని చోటు ఒక్కటి చెప్పండి. లేదంటే ఇంకొకరితో రాయించుకుంటాను."

ఆ గోడునంతా ఒటకార్ ఊరి బీరు దుకాణంలో వెళ్లబోసుకున్నాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు. ఊరివాళ్ల ఏడుపు వేరే ఉంది. ఆదివారం వస్తే చాలు, పుట్టగొడుగుల కోసం ప్రాగ్ కార్లు బారులు తీరి అడవంతా తొక్కి పోతున్నాయి. "నీ బాధ నీది, మా బాధ మాది," అని నవ్వి, అతనికి ఇంకో గ్లాసు పోయించారు.

ఆ మరుసటి వారమే అత్తగారు మెత్తబడింది.

ప్రార్థనాలయం దాటి, చేపల చెరువు గట్టు మీదుగా ఎడమకు తిరిగారు. తెల్లబెరడు చెట్ల కింద గోధుమరంగు టోపీలు, లావుపాటి కాడలు. కాడ కోయడానికి కత్తి తీసే పని కూడా పడలేదు, ముట్టుకుంటే చాలు చేతికొచ్చాయి. బుట్ట నిండింది. ఇన్నాళ్లకు తనను ఇంటిమనిషిని చేసుకున్నారని అతని కళ్లు చెమర్చాయి.

"ప్రాణం పోయినా చెప్పను అత్తయ్యా."

"తెలుసులెండి. మిమ్మల్ని నేనెరగనా?"

కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. కడుపు ఉబ్బిపోయింది. చివరికి రాసేశాడు. ఊరి పేరు రాయలేదు కదా, ఒట్టు తప్పినట్టు కాదని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ప్రార్థనాలయం, చెరువు గట్టు, ఎడమ మలుపు, దగ్గరి రైలు స్టేషను పేరు మాత్రమే రాశాడు. ప్రచురణకర్త ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

పుస్తకం అచ్చయింది. మరుసటి శరత్తులో చెరువు గట్టు పొడవునా ప్రాగ్ కార్లే.

"మా అమ్మకి నువ్వే చెప్పుకో. మధ్యలోకి నన్ను లాగకు," అంది భార్య హెడ్విక.

ఆదివారం భోజనానికి అత్తవారింటికి వెళ్తూ ఒటకార్ రెండుసార్లు దారిలోంచి వెనక్కి తిరిగాడు. నమ్మి వెంట తీసుకెళ్లిన మనిషిని నాలుగు మెచ్చుకోళ్లకు అమ్ముకున్నాడు. ఇక ఆ ఇంట్లో తనకు కుర్చీ వేస్తారో లేదో.

కుర్చీ వేశారు. బల్ల మీద పుట్టగొడుగుల చారు, పుట్టగొడుగుల వేపుడు. ద్రహోమిర వేడివేడిగా వడ్డిస్తూనే ఉంది. ఆ ఆదరణ భరించలేక ఒటకార్ చెంచా కింద పెట్టేశాడు.

"తప్పు చేశాను అత్తయ్యా. నా వల్ల మీ చోటు పోయింది."

"పోలేదు అల్లుడుగారూ," అని ద్రహోమిర ఇంకో గరిటె చారు పోసింది, "మిమ్మల్ని తీసుకెళ్లిన రోజు తెల్లారకముందే ఊరంతా తలా కొన్ని పుట్టగొడుగులు తెచ్చి ఆ చెట్ల కింద గుచ్చి వచ్చాం, మీ పుస్తకం వచ్చాక మా అసలు చోటు వైపు ఒక్క ప్రాగ్ కారూ రావడం లేదు."