బదిలీ ఆర్డరు మీద తేదీ

ఫ్లోర్ మేనేజరు చెయ్యి పట్టుకుని లాగాడని, బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టే అమ్మాయి పదో తారీఖున ఫిర్యాదు ఇచ్చింది. నాలుగు రోజులకే కంపెనీకి ఆమె భద్రత మీద ఎక్కడలేని బెంగ పుట్టుకొచ్చింది.

"నిన్ను ఊరి చివర గోడౌన్‌కి మార్చారు," అంటూ హెచ్‌ఆర్ మేడమ్ కాగితం ముందుకి తోసింది. "కక్ష అనుకోకు. తేదీ చూడు, ఒకటో తారీఖు. నీ ఫిర్యాదుకి ముందే నిర్ణయమైపోయింది."

"నేను ఫిర్యాదు చేస్తానని డైరెక్టరుగారికి కలొచ్చిందా మేడమ్?"

"సంతకం పెట్టి నీ కాపీ తీసుకో."

"మీరూ ఆడవాళ్లేగా! సిగ్గనిపించట్లేదూ?"

మేడమ్ తలెత్తకుండానే పెన్ను అందించింది.

అమ్మాయి మండిపోతూ బస్సెక్కి కాగితం విప్పింది. పైన ఒకటో తారీఖే ఉంది. రెండో పేరాలో మాత్రం, 'మీరు పదో తారీఖున ఇచ్చిన ఫిర్యాదు దృష్ట్యా బదిలీ చేస్తున్నాం' అని ఉంది. కింద డైరెక్టరు సంతకం, కంపెనీ ముద్ర.

నవ్వాపుకోలేక వెంటనే ఫోన్ చేసింది. "దొంగ ఆర్డరు రాయడం కూడా చేతకాలేదా మేడమ్ మీకు?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"మా డైరెక్టరు ఏదీ చదవకుండా సంతకం పెట్టేస్తాడు తల్లీ. ఆ వాక్యం నేనే కలిపాను. కాపీ జాగ్రత్త. రేపే లేబర్ కోర్టుకి పట్టుకెళ్లు."